ఇంటి అక్వేరియంకు ఓవర్‌ఫ్లో, డ్రెయిన్ పైపులు: నీరు కారకుండా అమర్చుకునే పద్ధతి

అక్వేరియం కింద నేల తడిసిందంటే దానికి కారణం సాధారణంగా రెండింటిలో ఒకటి. ఏదో ఒక అతుకు దగ్గర నీరు ఊరి బొట్టు బొట్టుగా కారడం మొదటిది. అతుకులన్నీ గట్టిగానే ఉన్నా, కరెంటు పోయినప్పుడు పై తొట్టెలోని నీరు వెనక్కి జారి కింది సంపు, అంటే స్టాండులో పెట్టే చిన్న తొట్టె, పొంగిపోవడం రెండవది. అందరూ మొదటిదానికే భయపడి సిలికాన్ ట్యూబులు కొనిపెట్టుకుంటారు గానీ, గది మొత్తం తడిసేది మాత్రం రెండవ కారణం వల్లనే. అందువల్ల ఈ వ్యాసంలో పైపుల కంటే ముందు కొలతల గురించి చెప్పవలసి వస్తున్నది. గాజు మీద డ్రిల్లు పెట్టకముందే కాగితం మీద తేల్చుకోవలసిన లెక్క ఒకటి ఉంది. ఆ లెక్క తప్పితే ఎంత మంచి ఫిట్టింగులు వాడినా ప్రయోజనం ఉండదు.

ఇక్కడ ఉదాహరణగా 120 సెంటీమీటర్ల పొడవు, 45 సెంటీమీటర్ల వెడల్పు, 50 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న మంచినీటి తొట్టెను తీసుకుంటున్నాను. మన ఊళ్ళలో నాలుగడుగుల ట్యాంకు అని అడిగితే గాజు పనివారు ఇంచుమించు ఈ కొలతలోనే చేసి ఇస్తారు. దాని కింద స్టాండులో 90 సెంటీమీటర్ల పొడవు, 35 సెంటీమీటర్ల వెడల్పు, 40 సెంటీమీటర్ల ఎత్తు గల సంపు ఉన్నదనుకుందాం. పంపు సంపులోని నీటిని రిటర్న్ పైపు గుండా పైకి తోడుతుంది. పై తొట్టెలో ఎక్కువైన నీరు ఓవర్‌ఫ్లో పెట్టె అంచు దాటి డ్రెయిన్ పైపు గుండా తనంతట తానే కిందికి దిగుతుంది. పైకి పోయే నీటిని పంపు నెడుతుంది, కిందికి వచ్చే నీటిని బరువు మాత్రమే లాగుతుంది. ఈ తేడా గుర్తుంటే డ్రెయిన్ పైపు రిటర్న్ పైపు కంటే లావుగా ఎందుకు ఉండాలో వేరే చెప్పనక్కరలేదు.

కరెంటు పోయినప్పటి లెక్క

ఈ తొట్టెలో నీటి ఉపరితలం 120 ఇంటూ 45, అంటే 5400 చదరపు సెంటీమీటర్లు. కాబట్టి నీటిమట్టం ఒక్క సెంటీమీటరు దిగితే 5.4 లీటర్లు కిందికి వచ్చినట్టు. పంపు ఆగిన తరువాత ఓవర్‌ఫ్లో అంచు పైన నిలిచి ఉన్న అర సెంటీమీటరు నీరు ఎలాగూ దిగుతుంది. అసలు ప్రమాదం రిటర్న్ పైపుతో వస్తుంది. దాని మూతి నీటిలో 15 సెంటీమీటర్ల లోతున ఉంటే, పంపు ఆగిన క్షణం నుంచి అదే పైపు సైఫన్‌గా మారి, నీటిమట్టం తన మూతి దాకా దిగేవరకు నీటిని వెనక్కి లాగుతూనే ఉంటుంది. పదిహేనున్నర సెంటీమీటర్లు దిగితే 83 లీటర్లకు పైమాటే. మన సంపులో 22 సెంటీమీటర్ల ఎత్తున నీరు ఉండగా పైన మిగిలే ఖాళీ సుమారు 57 లీటర్లు మాత్రమే. మిగిలిన పాతిక లీటర్లు, వాటితోపాటు ఓవర్‌ఫ్లో పెట్టెలోనూ పైపుల్లోనూ ఉన్న నీరు నేల మీదికే వస్తాయి. వేసవిలో రోజుకు రెండు మూడుసార్లు కరెంటు పోయే ఊరిలో ఈ పరీక్ష రోజుకు రెండు మూడుసార్లు జరుగుతుంది.

దీనికి పరిష్కారం చాలా చౌక. రిటర్న్ పైపు మూతిని నీటిమట్టానికి కాస్త కిందనే ఉంచి, మామూలు నీటిమట్టానికి ఒకటిన్నర సెంటీమీటర్ల దిగువన ఆ పైపుకే 5 లేదా 6 మి.మీ. రంధ్రం ఒకటి పెట్టాలి. నీరు అంతవరకు దిగగానే ఆ రంధ్రంలో నుంచి గాలి చొరబడి సైఫన్ తెగిపోతుంది. అప్పుడు పై తొట్టెలో దిగేది మొత్తం రెండు సెంటీమీటర్లు, అంటే పదకొండు లీటర్లలోపు; ఓవర్‌ఫ్లో పెట్టె నీరు, పైపుల నీరు కలుపుకున్నా పదిహేడు పద్దెనిమిది లీటర్లు దాటదు. సంపులో పాతిక ముప్పై లీటర్ల ఖాళీ వదిలితే నిశ్చింతగా ఉండవచ్చు. కొందరు ఈ రంధ్రానికి బదులు రిటర్న్ లైనులో, నీటిని ఒకే వైపుకు పోనిచ్చే నాన్ రిటర్న్ వాల్వు బిగించి ఊరుకుంటారు. నాచు పట్టినా, ఒక చిన్న నత్తగుల్ల ఇరుక్కున్నా ఆ వాల్వు పూర్తిగా మూసుకోదు కాబట్టి దాన్ని అదనపు రక్షణగా పెట్టుకోవచ్చు గానీ, దాని మీదే ఆధారపడి సంపు కొలతలు నిర్ణయించకూడదు.

ఇదే లెక్కను తలకిందులుగా కూడా వేసి చూడాలి. డ్రెయిన్ పైపు ఆకులతో మూసుకుపోయి పంపు మాత్రం నడుస్తూనే ఉంటే, సంపులో పంపు ఉన్న గదిలోని నీరంతా పైకి చేరుతుంది. ఆ గది 30 సెంటీమీటర్ల పొడవు, 35 సెంటీమీటర్ల వెడల్పు ఉండి అందులో 20 సెంటీమీటర్ల నీరు ఉంటే అది 21 లీటర్లు. పై తొట్టెలో అది దాదాపు నాలుగు సెంటీమీటర్ల ఎత్తుకు సమానం. అందువల్ల ఓవర్‌ఫ్లో అంచును తొట్టె పై అంచుకు 5 సెంటీమీటర్ల కిందనే నిలపాలి. అందం కోసం నీటిని తొట్టె నిండా కనబడేలా ఉంచాలని ఆ అంచును రెండు సెంటీమీటర్లకు జరిపేవారు ఈ రక్షణను వదులుకుంటున్నట్టే. ఆవిరైపోయిన నీటిని తనంతట తాను నింపే ఫ్లోట్ వాల్వును ఇంటి పైకప్పు ట్యాంకు లైనుకు నేరుగా కలిపితే ఈ లెక్క మొత్తం చెడిపోతుంది. అలాంటి ఏర్పాటు కావాలంటే పక్కన పది లీటర్ల డబ్బా పెట్టి దానికి మాత్రమే కలపాలి.

ఎంత నీరు, ఎంత పైపు

గంటకు తొట్టె పరిమాణానికి అయిదు రెట్ల నీరు తిరిగితే ఇంటి అక్వేరియంకు సరిపోతుంది. 270 లీటర్ల తొట్టెకు అది గంటకు 1350 లీటర్లు, 1500 అనుకుందాం. పంపు పెట్టె మీద రాసిన అంకె సున్నా ఎత్తుకు సంబంధించినది. సంపు నీటిమట్టం నుంచి తొట్టె పై అంచు వరకు మీటరుకు పైగా ఎత్తు, మధ్యలో మూడు నాలుగు వంపులు ఉంటాయి కాబట్టి, గరిష్ఠ ఎత్తు రెండున్నర మీటర్లు అని రాసిన 3000 లీటర్ల పంపు ఇక్కడ సగానికి దగ్గరగా మాత్రమే ఇస్తుంది. మనకు కావలసింది కూడా అంతే.

ఓవర్‌ఫ్లో అంచు పొడవు విషయంలో, గంటకు 100 లీటర్ల ప్రవాహానికి ఒక సెంటీమీటరు అంచు అనే లెక్క ఆచరణలో బాగా నిలిచింది. ఆ రేటున అంచు మీద నీరు సెంటీమీటరుకు కొంచెం ఎక్కువ మందంతో దొర్లుతుంది. 40 సెంటీమీటర్ల పొడవు, 12 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల లోతు ఉన్న గాజు పెట్టెను వెనుక గోడకు లోపలి వైపు అతికిస్తే మూడు వైపుల అంచు కలిపి 64 సెంటీమీటర్లు వస్తుంది. చేపలు దూకకుండా దువ్వెన పళ్ళ వంటి గాట్లు పెడితే అందులో సగం మూసుకుపోయినా మనకు కావలసిన దానికి రెట్టింపు మిగులుతుంది.

డ్రెయిన్లు ఎక్కడ పెట్టాలన్నది తరువాతి ప్రశ్న. అడుగు గాజుకు రంధ్రాలు చేసి మూలలో నిలువు ఓవర్‌ఫ్లో గది కట్టే పద్ధతి పాతది, స్థలం కలిసివస్తుంది. కానీ ఆ గది గోడ సిలికాన్ ఎప్పుడైనా వదిలి, అదే సమయంలో అడుగున ఉన్న ఫిట్టింగు కూడా కారితే తొట్టె మొత్తం ఖాళీ అవుతుంది. వెనుక గాజుకు పైభాగాన రంధ్రాలు చేస్తే ఎంత పెద్ద లీకైనా రంధ్రం మట్టం వరకే నీరు పోతుంది, చేపలు బతుకుతాయి. గోడకూ తొట్టెకూ మధ్య పదిహేను సెంటీమీటర్ల జాగా వదలగలిగిన ప్రతి ఇంట్లోనూ వెనుక గాజునే ఎంచుకోమని నా సలహా.

గాజుకు రంధ్రం

టఫెన్డ్ గాజుకు, అంటే వేడితో గట్టిపరిచిన గాజుకు, రంధ్రం చేయలేము. బిట్ తగలగానే పలక మొత్తం ముక్కలై రాలిపోతుంది. రెడీమేడ్ తొట్టెల్లో కొన్నింటికి అడుగు గాజు, ఒక్కోసారి పక్క గాజులు కూడా టఫెన్డ్‌వి ఉంటాయి. తెల్లని తెర వెలిగించిన ఎల్‌సీడీ మానిటర్‌ను గాజు వెనుక పెట్టి, పోలరైజ్డ్ చలువ కళ్ళద్దాల గుండా ఇటువైపు నుంచి చూస్తే, టఫెన్డ్ గాజులో నల్లని మచ్చలో చారలో కనబడతాయి. మామూలు గాజు ఒకే తీరుగా ఉంటుంది. కొత్తగా తొట్టె చేయించుకుంటున్నవారికి ఈ తిప్పలే అవసరం లేదు. పలకలు అతికించకముందే వెనుక గాజును రంధ్రాలతో కోసి ఇమ్మని గాజు కొట్టులో చెబితే, తలుపుల కోసం రోజూ రంధ్రాలు చేసే యంత్రం మీదనే వారు శుభ్రంగా చేసి ఇస్తారు. గాజు రంధ్రంలో బిగించి పైపును కలిపే ట్యాంక్ నిపుల్‌ను మాత్రం ముందే కొని చేతిలో పట్టుకుని వెళ్ళాలి. ఒక అంగుళం అని రాసి ఉన్న రెండు కంపెనీల నిపుళ్ళకు మర ఉన్న చోట బయటి వ్యాసం ఒకటిగా ఉండదు. వెర్నియర్‌తో కొలిచి, దానికి ఒకటి రెండు మిల్లీమీటర్లు కలిపితే వచ్చేదే రంధ్రం కొలత. బిగుతుగా ఉంటే మంచిదని నిపుల్ సరిగ్గా పట్టేంత రంధ్రం చేయిస్తే, ఎండాకాలంలో ప్లాస్టిక్ వ్యాకోచించినప్పుడు గాజు అంచు మీద ఒత్తిడి పడుతుంది.

రంధ్రానికీ గాజు అంచుకూ మధ్య, అలాగే రెండు రంధ్రాల మధ్య కనీసం ఒక రంధ్రం వ్యాసమంత గాజు మిగలాలి. 45 మి.మీ. రంధ్రాలైతే కేంద్రం నుంచి కేంద్రానికి పది సెంటీమీటర్లు ఉంచుకోవడం మేలు. ఎత్తు విషయంలో, రంధ్రం కేంద్రం ఓవర్‌ఫ్లో అంచుకు సుమారు 8 సెంటీమీటర్ల కింద ఉంటే లోపల ఎల్బో తిరగడానికి కావలసినంత చోటు దొరుకుతుంది.

ఇంట్లోనే చేయదలచినవారు డైమండ్ పూత ఉన్న గుండ్రని బిట్టును, బ్యాటరీతో నడిచే డ్రిల్లును వాడాలి. నీరు పోస్తూ చేసే పనిలో వైరున్న డ్రిల్లు ప్రమాదకరం. గాజుకు రెండు వైపులా మాస్కింగ్ టేపు అతికించి, రంధ్రం చుట్టూ బంకమట్టితో చిన్న గట్టు కట్టి అందులో నీరు నింపుకోవాలి. తొట్టెను వెనుక గాజు నేల వైపు చదునుగా ఉండేలా పడుకోబెట్టి, గాజు కింద ఒక చెక్క పలక ఆనించాలి. మధ్యలో మొన లేని బిట్ జారిపోకుండా ఉండేందుకు, అదే కొలత రంధ్రం ఉన్న ప్లైవుడ్ ముక్కను క్లాంపుతో బిగించి అందులో బిట్‌ను తిప్పడం అన్నిటికన్నా సులభం. డ్రిల్లును తక్కువ వేగంలో ఉంచి, దాని బరువు మాత్రమే గాజు మీద పడేలా పట్టుకోవాలి. 10 మి.మీ. గాజుకు పది పదిహేను నిమిషాలు పట్టడం సహజమే. చివరి రెండు మిల్లీమీటర్లలో చేతిని మరింత తేలిక చేయాలి. తొందరపడితే అవతలి వైపు పెంకులు లేస్తాయి. ఆ పెంకు రబ్బరు వాషర్ కూర్చునే జాగాలోకి వచ్చిందంటే ఆ రంధ్రం ఎప్పటికీ కారుతూనే ఉంటుంది. గాజు పొడి ఊపిరిలోకి పోకుండా ఎప్పుడూ తడిగానే ఉంచాలి, కళ్ళద్దాలు తప్పనిసరి. పూర్తయిన అంచును తడిపిన నల్ల ఎమెరీ కాగితంతో నెమ్మదిగా రుద్ది పదును తీసేయాలి.

ట్యాంక్ నిపుల్ బిగింపు

వెడల్పాటి అంచు తొట్టె లోపలికి, చెక్‌నట్ బయటికి రావాలి. రబ్బరు వాషర్ నీరు ఉన్న వైపున, అంటే వెడల్పాటి అంచుకూ గాజుకూ మధ్యన ఉండాలి. వాషర్‌ను నట్టు వైపు వేస్తే నీరు మర గాళ్ళ వెంబడి తిరిగి బయటికి వచ్చేస్తుంది. పైగా నట్టు తిరుగుతున్నకొద్దీ వాషర్ కూడా దానితో తిరిగి ముడతపడుతుంది. నిపుల్‌తో రెండు వాషర్లు వస్తే రెండవదాన్ని నట్టు కింద గాజుకు మెత్తగా ఉండేందుకు వేసుకోవచ్చు గానీ, నీటిని ఆపేది లోపలిదే.

వాషర్‌కు సిలికాన్ పూయకూడదు. చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. సిలికాన్ తడిగా ఉన్నప్పుడు జారుడుగా ఉంటుంది. నట్టు బిగించగానే రబ్బరు ఒక పక్కకు జరిగిపోతుంది. ఎండిన తరువాత అది పీవీసీని గట్టిగా పట్టుకోదు, రేపు విప్పాలంటే గాజు మీద ఎండిన పొరనంతా బ్లేడుతో గీకవలసి వస్తుంది, కాస్త మిగిలినా కొత్త వాషర్ సరిగా కూర్చోదు. గాజును, వాషర్‌ను శుభ్రమైన గుడ్డతో తుడిచి, పొడి రబ్బరుగానే బిగించాలి. చేతితో బిగించగలిగినంత బిగించి, ఆ పైన పానాతో పావు చుట్టు తిప్పితే చాలు. రబ్బరు అంచు బయటికి ఉబికి కనబడుతున్నదంటే బిగింపు మితిమీరిందని అర్థం.

పైపుల జత

మన దగ్గర లీకులకు ఉన్న ఒక ప్రత్యేక కారణం గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. ఒకే హార్డ్‌వేర్ కొట్టులో ఒక అంగుళం పేరుతో మూడు వేర్వేరు లావుల పైపులు అమ్ముతారు. ఏఎస్‌టీఎం డి 1785 ప్రకారం తయారైన యూపీవీసీ ఒక అంగుళం పైపు బయటి వ్యాసం 33.4 మి.మీ.; పొలాలకు వాడే ఐఎస్ 4985 పైపులో దానికి దగ్గరగా ఉన్నది 32 మి.మీ.; వేడినీటి లైన్లకు వాడే సీపీవీసీ ఒక అంగుళం పైపు 28.6 మి.మీ. మాత్రమే. 32 మి.మీ. పైపు 33.4 మి.మీ. సాకెట్‌లోకి వదులుగా దిగుతుంది, సొల్యూషన్ (పైపులను అతికించే జిగురు) ఎక్కువగా పూస్తే నిలిచినట్టే కనబడుతుంది, కొన్ని వారాల తరువాత చెమ్మ మొదలవుతుంది. కాబట్టి పైపు మీద ముద్రించిన ప్రమాణాన్ని చదివి, పైపు, ఎల్బో, యూనియన్ (మరతో విప్పుకోగల జోడింపు), వాల్వు, ట్యాంక్ నిపుల్ అన్నీ ఒకే ప్రమాణంలో, వీలైతే ఒకే కంపెనీవి తీసుకోవాలి. సొల్యూషన్ లేకుండా పైపును సాకెట్‌లో పెట్టి చూసినప్పుడు అది సాకెట్ లోతులో మూడో వంతుకూ మూడింట రెండు వంతులకూ మధ్య ఎక్కడో ఆగిపోవాలి. చివరి దాకా గలగలమంటూ దిగితే ఆ జత పనికిరాదు.

సీసం లేనిదని ముద్రించిన యూపీవీసీ పైపు అక్వేరియంకు అన్ని విధాలా సరిపోతుంది. ఇత్తడి మర పొదిగిన సీపీవీసీ ఫిట్టింగులను మాత్రం దగ్గరికి రానివ్వకూడదు. ఇత్తడిలోని రాగి కొద్దిగా కరిగినా రొయ్యలకు, నత్తలకు ప్రాణాంతకం. ప్లంబర్లు మరలకు చుట్టే జనపనార దారం, సఫేదా కూడా ఇక్కడ వద్దు. టెఫ్లాన్ టేపు చాలు. మర మీ వైపు చూస్తుండగా గడియారపు ముల్లు తిరిగే దిక్కున నాలుగైదు చుట్లు లాగి చుట్టి, చేతి బిగువు మీద ఒక చుట్టుకు మించకుండా తిప్పాలి. ప్లాస్టిక్ ఆడమరలోకి మగమరను బలవంతంగా తిప్పితే సాకెట్ సన్నగా నెర్రె విచ్చుతుంది, అది ఆ రోజు కనబడదు.

సొల్యూషన్ పని

పైపును రంపంతో నిటారుగా కోసి, లోపలి, బయటి అంచుల పీచును కత్తితో తీసి, బయటి అంచును కొద్దిగా ఏటవాలుగా గీయాలి. ఆ ఏటవాలు లేకపోతే పైపు లోపలికి దిగేటప్పుడు సాకెట్‌కు పూసిన సొల్యూషన్‌ను ముందుకు నెట్టేస్తుంది. సొల్యూషన్ పూయకముందే లైను మొత్తాన్ని పొడిగా కూర్చి, ప్రతి అతుకు దగ్గర పైపుకూ ఫిట్టింగుకూ కలిపి పెన్సిలుతో ఒక గీత గీసుకోవాలి. పొడిగా కూర్చినప్పుడు పైపు పూర్తిగా లోపలికి పోదు గనుక, అతికించాక లైను పొడవు కొంత తగ్గుతుందని గుర్తుంచుకుని ముక్కలను కోయాలి.

సాకెట్ లోపల పలుచగా, పైపు మీద కాస్త దండిగా సొల్యూషన్ పూసి, వెంటనే లోపలికి నెట్టుతూ పావు చుట్టు తిప్పి గీతలు కలిపి, అర నిమిషం కదలకుండా పట్టుకోవాలి. అతుకు చుట్టూ సన్నని వలయంలా సొల్యూషన్ బయటికి వస్తే పూత సరిపోయినట్టు. ఎక్కడైనా ఆ వలయం తెగితే అక్కడ పొడి మచ్చ మిగిలినట్టే. మే నెల మధ్యాహ్నం పూట ఈ పని పెట్టుకుంటే పూసినది కలిపేలోపే పొర కడుతుంది, కాబట్టి ఉదయమే ముగించుకోవాలి. డబ్బాలో జున్నులా గడ్డకట్టిన పాత సొల్యూషన్‌ను థిన్నర్‌తో పలుచన చేసి వాడడం డబ్బు ఆదా చేసినట్టు కనిపించే ఖర్చు. సీపీవీసీ సొల్యూషన్ వేరు, యూపీవీసీ సొల్యూషన్ వేరు. డబ్బా మీద చూసి తీసుకోవాలి. నీరు వదలడానికి ముందు పూర్తి రోజు ఆగి, తరువాత లైనును ఒకసారి నీటితో కడిగి ఆ నీటిని పారబోయాలి.

అతుకు కంటే పైపు బరువే ఎక్కువగా ట్యాంక్ నిపుల్‌ను కారుస్తుంది. స్టాండు వెనుక కిందికి వేలాడే పైపును మూడో నాలుగో చోట్ల స్టాండుకే క్లాంపులతో పట్టించాలి. లైను కొద్దిగా పక్కకు వచ్చిందని దాన్ని లాగి నిపుల్‌లో ఇరికిస్తే, ఆ వంపు బలం రాత్రింబవళ్ళు వాషర్‌ను ఒకవైపు లేపుతూనే ఉంటుంది. చేతితో వదిలిపెట్టినా పైపు తన చోట తాను నిలిచి ఉన్నప్పుడే అది సరిగా కుదిరినట్టు. ప్రతి నిపుల్ కింద ఒక యూనియన్, పంపు పైన ఒక యూనియన్ పెడితే రేపు దేన్నయినా కోయకుండానే విప్పుకోవచ్చు. యూనియన్‌లోని ఓ-రింగుకు సిలికాన్ గ్రీజు కొద్దిగా రాస్తే చాలు, టేపు అక్కరలేదు. పంపు కంపనం పైపుకు చేరకుండా మధ్యలో ఒక జానెడు మెత్తని గొట్టాన్ని స్టీలు క్లిప్పులతో బిగించుకోవచ్చు.

రెండు డ్రెయిన్ల పద్ధతి

ఒకే డ్రెయిన్ ఉంటే దానిలో గాలీ నీరూ కలిసి దిగుతూ గుడగుడమంటుంది. పైన ఎల్బో, దానికి చిన్న గాలి రంధ్రం ఉండే డర్సో పైపుతో ఆ శబ్దం చాలావరకు తగ్గుతుంది గానీ, ఆ ఒక్క పైపు మూసుకుపోతే దిక్కు లేదు. మూడు పైపుల బీన్‌యానిమల్ పద్ధతి అన్నిటికన్నా భద్రమైనది, పెద్ద తొట్టెలకు తగినది. మన నాలుగడుగుల తొట్టెకు హెర్బీ అని పిలిచే రెండు పైపుల పద్ధతి సరిపోతుందని నా అభిప్రాయం.

ఇందులో మొదటి పైపు ఎల్బో పెట్టె లోపల కిందికి చూస్తూ ఎప్పుడూ నీటిలో మునిగి ఉంటుంది. దాని కింది భాగంలో ఒక గేట్ వాల్వు ఉంటుంది. బాల్ వాల్వుతో కూడా పని నడుస్తుంది గానీ వెంట్రుకవాసి తిప్పితే ప్రవాహం చాలా మారిపోతుంది కాబట్టి సర్దడం కష్టం. రెండవ పైపు ఎల్బో పైకి చూస్తూ, ఓవర్‌ఫ్లో అంచు కంటే రెండు మూడు సెంటీమీటర్ల కింద దాదాపు పొడిగా ఉంటుంది. దానికి వాల్వు ఉండకూడదు, జాలీ ఉండకూడదు. మొదటిదానికి మాత్రం జాలీ తప్పనిసరి, లేకపోతే గప్పీ పిల్లలన్నీ సంపుకే చేరతాయి. రెండు పైపులూ ఒక అంగుళానికి తగ్గకూడదు, రెండింటినీ కింద కలిపి ఒకటి చేయకూడదు.

కిందికి దిగే దారిలో అడ్డంగా పడుకున్న పైపు ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. 90 డిగ్రీల ఎల్బో ఒకటి వాడే చోట 45 డిగ్రీలవి రెండు వాడితే నీరు సాఫీగా దిగుతుంది. మొదటి పైపు చివర సంపు నీటిలో రెండు సెంటీమీటర్లు మాత్రమే మునగాలి. లోతుగా ముంచితే, కరెంటు వచ్చి పంపు మళ్ళీ మొదలైనప్పుడు పైపులో ఇరుక్కున్న గాలి బయటికి పోలేక సైఫన్ పట్టదు. రెండవ పైపు చివరను నీటికి పైనే వదలాలి. ఎప్పుడైనా అందులోకి పెద్ద ధారగా నీరు వస్తే పక్క గదిలోకి కూడా వినబడుతుంది, మొదటి పైపు మూసుకుపోతున్నదని తెలుస్తుంది.

సర్దడం ఇలా చేయాలి. గేట్ వాల్వును పూర్తిగా తెరిచి పంపు వేసి, నీరు దిగడం మొదలైన తరువాత వాల్వును కొద్దికొద్దిగా మూస్తూ పోవాలి. పెట్టెలో నీటిమట్టం పెరుగుతూ వచ్చి రెండవ పైపు మూతి వద్ద నిలబడుతుంది. సన్నని ధార మాత్రమే అందులోకి జారేలా వాల్వును అక్కడ ఆపాలి. ఒక మార్పుకూ మరో మార్పుకూ మధ్య అయిదు నిమిషాలు ఆగకపోతే మట్టం ఎప్పటికీ కుదుటపడదు.

నీటితో పరీక్ష

ఇసుక, రాళ్ళు, మొక్కలు వేయకముందే వట్టి నీటితో పరీక్షించాలి. ఓవర్‌ఫ్లో పెట్టెను అతికించిన సిలికాన్ కనీసం రెండు మూడు రోజులు ఆరి, దాని వెనిగర్ వాసన పూర్తిగా పోయి ఉండాలి. బూజు రాకుండా మందు కలిపిన బాత్రూము సిలికాన్ ఇందుకు వాడకూడదు.

మొదట వాల్వును మూసి, రెండవ పైపు పై ఎల్బో మూతిని కూడా తాత్కాలికంగా బిరడాతో బిగించి, నిపుళ్ళు మునిగేంత వరకు నీరు నింపి ఒక రోజు వదిలేయాలి. ప్రతి నిపుల్ కింద, ప్రతి యూనియన్ కింద ఒక టిష్యూ కాగితం పరిస్తే కంటికి కనబడని చెమ్మ కూడా అక్కడ మచ్చగా తేలుతుంది. వర్షాకాలంలో చల్లటి పైపు మీద పట్టే తేమను చూసి లీకనుకోకుండా, అతుకును తుడిచి పొడి కాగితం చుట్టి అరగంట తరువాత చూడాలి. ఇది నెగ్గిన తరువాత బిరడా తీసి పంపు వేసి ఒక రోజు నడపాలి.

అసలు పరీక్షలు ఆ తరువాతివి. పంపు స్విచ్ ఆపి, సంపులో నీరు ఎంతవరకు ఎక్కుతుందో చూడాలి. అది పై అంచుకు అయిదు సెంటీమీటర్ల దిగువన ఆగిపోతే, పంపు నడుస్తున్నప్పుడు సంపులో ఉన్న మట్టం దగ్గర గాజు మీద చెరగని గీత గీసి, ఇకపై ఎప్పుడూ ఆ గీత దాటి నీరు పోయకూడదు. తరువాత మొదటి డ్రెయిన్ వాల్వును పూర్తిగా మూసి పంపు నడపాలి. రెండవ పైపు ఒక్కటే మొత్తం ప్రవాహాన్ని మోయగలగాలి. చివరగా రెండవదాన్ని కూడా మూసి, పంపు గది ఖాళీ అయ్యేవరకు పై తొట్టె పొంగకుండా ఉంటుందో లేదో పక్కనే నిలబడి చూడాలి. పంపు గాలి లాగడం మొదలుపెట్టగానే ఆపేయాలి, ఎండిన పంపు ఎక్కువసేపు నడవకూడదు.

కరెంటు ప్లగ్గులు తొట్టె కంటే పక్కకు, నీరు పడని ఎత్తులో ఉండాలి. ప్రతి వైరు ప్లగ్గుకు చేరేముందు కిందికి వంగి పైకి రావాలి. అప్పుడు వైరు వెంట జారిన నీరు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. ఆ లైనుకు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్) ఉండడం ఖర్చు కాదు, అవసరం.

కారితే ఏం చేయాలి

నిపుల్ దగ్గర కారుతున్నప్పుడు పానాతో మరింత బిగించడమే అందరూ మొదట చేసే పని. ఎనిమిదో వంతు చుట్టుతో ఆగకపోతే ఇక బిగించకూడదు. నీటిని రంధ్రం కిందికి దించి, విప్పి, వాషర్ కింద ఇసుక రేణువు, పాత సిలికాన్ ముక్క, గాజు పెంకు ఉన్నాయేమో వేలితో తడిమి చూడాలి. పైపును యూనియన్ దగ్గర విప్పి చూసినప్పుడు లీకు ఆగిపోతే దోషం వాషర్‌ది కాదు, పైపు లాగుడుది. క్లాంపుల చోటు మార్చాలి. సొల్యూషన్ అతుకు కారితే దాని పైన ఎం-సీల్ ముద్ద పెట్టడం కొన్ని నెలల వాయిదా మాత్రమే. ఆ అతుకును కోసి పారేసి, సాకెట్‌తో కొత్త ముక్క కలపాలి. అందుకే లైను వేసేటప్పుడు ఫిట్టింగుకూ ఫిట్టింగుకూ మధ్య కనీసం ఎనిమిది పది సెంటీమీటర్ల వట్టి పైపు ఉంచుకోవాలి. అన్నీ ఒకదాని పక్కన ఒకటి ఇరికిస్తే ఒక్క ఎల్బో కోసం లైను మొత్తం పోతుంది.

బోరు నీరు వాడే ఇళ్ళలో నెమ్మదిగా సాగే లీకును కనిపెట్టడం తేలిక. నీరు ఆరిపోయిన చోట సున్నం తెల్లగా పేరుకుంటుంది. సముద్రపు చేపలు పెంచేవారికి అదే పని ఉప్పు చేస్తుంది. నెలకొకసారి టార్చిలైటుతో స్టాండు లోపల చూసి తెల్లని వలయం ఉన్న అతుకులను గుర్తించాలి. అదే రోజున రిటర్న్ పైపుకు పెట్టిన సైఫన్ రంధ్రంలో నాచును పళ్ళపుల్లతో తీసేసి, మొదటి డ్రెయిన్ జాలీని కడిగి, పంపును ఒకసారి ఆపి సంపు నీరు గీత నుంచి ఎంత ఎత్తుకు లేచిందో మొదటి రోజు కొలతతో పోల్చుకోవాలి. ఆ కొలత పెరుగుతున్నదంటే సైఫన్ రంధ్రం పూర్తిగా తెరుచుకోలేదని అర్థం. అప్పుడు పైపును విప్పి రంధ్రాన్ని ఒక మిల్లీమీటరు పెద్దది చేసుకోవాలి.